పదమూడు కాదు, పదిహేను

6 ఏప్రిల్ 2003, ఆదివారం

ఉగాది బుధవారమే అయిపోయినా మా సెక్టారు తెలుగు సంఘం వేడుక ఈ రోజు జరిగింది. ఢిల్లీలో మన పండగలన్నీ ఆదివారానికే వస్తాయి. కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. పులిహోర చాలక వెనక వరసల వాళ్ళకు బ్రెడ్ పకోడీలు తెప్పించారు.

గొప్ప చెప్పుకోవడం కాదు గాని, నా క్విజ్‌కి వచ్చినన్ని చప్పట్లు పిల్లల కూచిపూడికి కూడా రాలేదు. గుర్రం వాంతి చేసుకోలేదనీ, ధ్రువపు ఎలుగుబంటి తెల్లబొచ్చు కింద చర్మం నల్లగా ఉంటుందనీ, రూపాయి నోటు మీద సంతకం రిజర్వు బ్యాంకు గవర్నరుది కాక ఆర్థిక కార్యదర్శిదనీ చెబుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. "రాఘవులు సార్, గీ ముచ్చట్లన్నీ ఏడికెల్లి పట్కొస్తరు మీరు?" అన్నాడు సంఘం కార్యదర్శి మల్లేశం. ఎక్కడినుంచో ఏమిటి, ఎనభై ఒకటిలో ఉద్యోగానికి ఢిల్లీ వచ్చిన నాటినుంచి రోజుకో విషయం రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు రిజిస్టర్లు అయ్యాయి.

ఆడవాళ్ళ క్విజ్‌లో ఆఖరి ప్రశ్న దగ్గర చిన్న తమాషా. నోటు వెనక వైపు పట్టీలో ఎన్ని భాషలుంటాయని అడిగాను. మల్లేశ్వరి చెయ్యెత్తింది. మా ఆవిడ నలుగురిలో చెయ్యెత్తడమే ఒక వింత. "పదిహేను" అంది. పదమూడు అని చెప్పాను. "పదిహేనండీ, నేను లెక్కపెట్టాను" అంది మళ్ళీ. "మా ఇంట్లో ఏ లెక్కకైనా రెండు కలిపి చెప్పడం మా ఆవిడకు అలవాటు" అన్నాను మైకులో. హాలంతా గొల్లుమంది. బహుమతిగా పెట్టిన ప్రెషర్ కుక్కరు ఉమారాణి గారికి వెళ్ళింది.

రిక్షాలో ఇంటికి వస్తూ మల్లేశ్వరి ఒక్క మాట మాట్లాడలేదు. ఎండ దెబ్బ అయి ఉంటుంది.

ఈ రోజు విషయం: ఏనుగు గెంతలేదు.

7 ఏప్రిల్, సోమవారం

పప్పులో ఉప్పు లేదు. అడిగితే డబ్బా తెచ్చి ముందు పెట్టింది.

9 ఏప్రిల్, బుధవారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆఫీసు బయట టీ బడ్డీ వాడు చిల్లరగా పది రూపాయల నోటు ఇచ్చాడు. ఊరికే వెనక్కి తిప్పాను. ఎందుకు తిప్పానో. పదిహేను ఉన్నాయి. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. తిరుగు ప్రయాణంలో చార్టర్డ్ బస్సులో కూర్చుని మూడోసారి, వేలితో ఒక్కో వరసా నొక్కి పట్టి లెక్కపెట్టాను. పదిహేనే. కొంకణి, నేపాలీ కొత్తగా చేరాయి.

ఇంటికి రాగానే రిజిస్టరు తీసి చూశాను. ఎనభై ఒకటి, ఆగస్టు. "నోటు వెనక పదమూడు భాషలు." అప్పుడు నేను రాసింది నిజమే. తరవాత నోట్లు మారాయి, నా రిజిస్టరు మారలేదు. తొంభై రెండులో కొంకణి, నేపాలీ, మణిపురి భాషలను రాజ్యాంగంలో చేర్చిన కాగితం మా సెక్షన్‌కీ వచ్చింది. చూసినట్టు సంతకం పెట్టి పక్క బల్లకు పంపాను కూడా.

ఆ రోజు హాల్లో రెండు వందల మంది ఉన్నారు. అందరి జేబుల్లోనూ నోట్లున్నాయి. ఒక్కరూ తీసి చూడలేదు. రాఘవులు గారు చెప్పారంటే ఇక చూడడం దేనికి అనుకున్నారు. నేనూ చూడలేదు.

భోజనాల దగ్గర చెప్పేస్తాను. నవ్వుకుంటాం.

అదే రోజు, పడుకోబోతూ

చెప్పలేదు. మా అమ్మాయి నేహా ఫిజిక్స్ ట్యూషన్ గొడవ వచ్చింది. రేపు చెబుతాను.

11 ఏప్రిల్, శుక్రవారం

స్టేషనరీ కొట్టు గుప్తాజీ గల్లాపెట్టెలో పాత పది రూపాయల నోటు దొరికింది. పదమూడు! పక్కాగా పదమూడు. ఆ నోటు ఇప్పటికీ చెల్లుతుంది. అంటే నేను చెప్పింది తప్పని ఎవరూ అనడానికి లేదు. ఆమె చెప్పిందీ రైటే, నేను చెప్పిందీ రైటే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాదు నేను. నా కుందేలుకు అప్పట్లో నిజంగానే మూడు కాళ్ళుండేవి.

పాత నోటు చొక్కా జేబులో దాచుకున్నాను.

20 ఏప్రిల్, ఆదివారం

పొద్దున్న మల్లేశం వచ్చాడు. సంఘం తరఫున జూన్ ఒకటి నుంచి పిల్లలకు ఆదివారం బడి పెడుతున్నారు. తెలుగు అక్షరాలతో పాటు కాస్త లోకజ్ఞానం. దానికి టీచరుగా పేరిచ్చింది మల్లేశ్వరే. మార్చిలో తనంతట తాను వెళ్ళి ఇచ్చింది. ఇరవై ఏళ్ళ కాపురంలో తనకోసం ఆమె అడగగా నేను చూసింది అదొక్కటే. నెల రోజులు మధ్యాహ్నాలు కూర్చుని పుస్తకంలో ఏవేవో రాసుకుంది. క్విజ్‌లో చేరింది కూడా అందుకేనని నాకు తెలుసు. పదిమంది ముందు నోరు విప్పగలనని చూపించుకోవాలని.

"అక్కా, నీ పేరు కొట్టెయ్యమని ఫోన్ జేసినవంట? ఏమైంది?" అన్నాడు మల్లేశం.

"నాకు తీరదు తమ్ముడూ."

"ఉగాది దినం ముచ్చటకు ఫీలయినవా ఏంది? సార్ మజాక్ జేసిండు, గంతే."

"అదేం లేదయ్యా. నాకంత తెలివి లేదు. తెలిసీ తెలియక పిల్లలకు తప్పులు నేర్పితే ఎలాగ?"

నా వైపు చూడకుండానే అంది. నేను పేపరు పట్టుకుని అక్కడే కూర్చున్నాను. చెప్పవలసిన క్షణం అదే. నా జేబులో నోటు ఉంది. పాతదీ కొత్తదీ, రెండు రకాల నోట్లూ ఉన్నాయి. మల్లేశం నా మొహం వంక చూశాడు.

"మల్లేశానికి రెండు పకోడీలు వెయ్యవూ" అన్నాను.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. "మే ఆఖరు దాకా జూస్త సార్. జర మీరు నచ్చజెప్పున్రి" అని వెళ్ళాడు మల్లేశం, పకోడీలు తిని.

ఈ రోజు విషయం: తుగ్లక్ వెండికి బదులు రాగి, ఇత్తడి నాణేలు చలామణీలో పెడితే ఇంటింటా దొంగ టంకశాల వెలిసిందట. ఆఖరికి సుల్తాను వాటన్నిటినీ వెనక్కి తీసుకుని అసలు నాణేలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ రాగి గుట్టలు తుగ్లకాబాద్ కోటలో ఏళ్ళ తరబడి పడి ఉన్నాయని రాశారు. తప్పు ఒప్పుకోవడం సుల్తానుకే అంత ఖరీదయితే సెక్షన్ ఆఫీసరు ఎంతటివాడు?

4 మే, ఆదివారం

నేహా అడిగింది, "పాపా, మమ్మీ ఆజ్‌కల్ చుప్ క్యోఁ రెహతీ హై?" అని. తెలుగులో అడగమన్నాను. "మమ్మీ ఎందుకు చుప్? మాట్లాడదు?" అంది.

ఎండలన్నాను.

18 మే, ఆదివారం

నలభై నాలుగు డిగ్రీలు. నిజంగానే ఎండలు.

మల్లేశ్వరి మామూలుగానే ఉంది. టిఫిను వేళకు పెడుతుంది, చొక్కాలు ఇస్త్రీకి ఇస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. కాకపోతే ఇదివరకు నేను రాత్రి భోజనం దగ్గర ఆ రోజు విషయం చదివితే "అవునా!" అనేది. "పాపం, గుర్రానికి కడుపులో తిప్పితే ఎలాగండీ మరి?" అని అడిగేది. అలాంటి ప్రశ్నలు నాకు విసుగ్గా ఉండేవి. ఇప్పుడు అడగడం లేదు. "ఊఁ" అంటుంది. ఆ విసుగు మళ్ళీ కావాలనిపిస్తోంది.

31 మే, శనివారం

సాయంత్రం మల్లేశం ఫోను. "సార్, రేపటి సంది క్లాసు. అక్క వస్తదా రాదా, ఒక్క మాట చెప్పున్రి."

మల్లేశ్వరి వంటింట్లో చపాతీలు చేస్తోంది. అప్పడాల కర్ర చప్పుడు వినిపిస్తోంది. మల్లేశానికి నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. నేను చెప్పింది తప్పయ్యా, ఆమె చెప్పింది ఒప్పు, ఆమెనే పిలువు. అంతే. కానీ అరవై మంది తల్లిదండ్రులకు వాడు చెబుతాడు, వాళ్ళు నవ్వుతారు, నా రిజిస్టర్లన్నిటి మీదా నవ్వుతారు. ఒక్క అన్నం మెతుకు పట్టుకుని చూసి కుండంతా ఉడకలేదంటారు. నాకు అదే భయం వేసింది.

"మల్లేశం అడుగుతున్నాడు, వెళ్తావా?" అని గట్టిగా అరిచాను. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. తెలిసే అడిగాను.

కర్ర చప్పుడు ఆగింది. "లేదని చెప్పండి."

"తనకు కుదరదట" అని చెప్పాను. బడి ఉమారాణి గారికి ఇచ్చారు.

1 జూన్, ఆదివారం

ఈ రోజు విషయం ఏమీ లేదు.

7 సెప్టెంబరు, ఆదివారం

ఈ పుస్తకం ముట్టి మూడు నెలలయింది.

సంఘం నెల నెలా వేసే నాలుగు పేజీల పత్రికలో "మీకు తెలుసా" శీర్షిక నాది. ఈసారి ధైర్యం చేసి అడుగున రెండు లైన్లు కలిపాను. "సవరణ: ఇప్పటి నోట్ల వెనక పట్టీలో భాషలు పదిహేను. పాత నోట్లపై పదమూడు. ఒక పాఠకురాలు దీన్ని మా దృష్టికి తెచ్చారు." పేరు వేస్తే ఇంటి సంగతి వీధిలో పెట్టినట్టుంటుందని వెయ్యలేదు.

పత్రిక వచ్చింది. మల్లేశ్వరి బల్ల దగ్గర నిలబడి మొత్తం చదివింది.

"ఎవరండీ ఈ పాఠకురాలు?"

"నువ్వే కదా."

"అలాగా" అంది.

సాయంత్రం వంటింట్లో మంచినీళ్ళ కోసం వెళితే, పత్రిక పప్పుల డబ్బాల కింద అరలో పరిచి ఉంది. పాత కాగితాలు అలా పరచడం ఆమెకు మామూలే. నేనే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను.

14 నవంబరు, శుక్రవారం

ఉమారాణి గారు బడి మానేశారట. పిల్లలు ముగ్గురికి మించి రావడం లేదు, వచ్చినవాళ్ళు ఆవలిస్తున్నారు. బడి మూసేశారు. మల్లేశం చెప్పినప్పుడు "అయ్యో" అన్నాను.

8 ఫిబ్రవరి 2004, ఆదివారం

గ్యాసు పుస్తకం కోసం మల్లేశ్వరి బీరువాలో వెతుకుతుంటే చీరల కింద పొడుగు నోట్‌బుక్కు దొరికింది. అట్ట మీద "ఆదివారం పాఠాలు" అని ఉంది. ఆమె చేతిరాత అంత అందంగా ఉంటుందని మరిచేపోయాను. ఇన్నాళ్ళూ సామాను చీటీలే కదా చూసింది.

నిలబడే చదివాను. ఇరవై రెండు పాఠాలున్నాయి.

ఒక పాఠంలో, గంగలో మునిగిపోతున్న హుమాయూన్ను నీళ్ళతిత్తితో కాపాడిన, నీళ్ళు మోసే భిస్తీ కథ. బాదుషా కృతజ్ఞతగా అతన్ని కొద్ది గంటలు సింహాసనం మీద కూర్చోబెట్టాడనీ, అతను తోలు ముక్కలతో నాణేలు వేయించాడనీ చెబుతారు. అది నా రిజిస్టరులోదే. నేను అక్కడితో ఆపాను. ఆమె కింద ఇంకో మాట రాసింది: "పిల్లలూ, మీకు ఒక్క పూట సింహాసనం దొరికితే ఏం చేస్తారు? మరునాడు మళ్ళీ నీళ్ళు మోయడానికి వెళ్ళినప్పుడు అతనికి ఎలా అనిపించి ఉంటుంది?" నా పదకొండు రిజిస్టర్లలో ఇలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు.

మొదటి పాఠం పేరు "జేబులో పదిహేను భాషలు". పిల్లలు ఇంటినుంచి నోటు తెచ్చుకోవాలి. తెలుగు వరస ఎక్కడుందో వెతకాలి. తరవాత పక్కింటి వాళ్ళ భాష, బడిలో పక్క బెంచీ స్నేహితుడి భాష వెతికి, వాళ్ళచేత చదివించుకుని రావాలి. ఆ పేజీకి పది రూపాయల నోటు గుండుసూదితో గుచ్చి ఉంది. ప్రతి వరస పక్కనా పెన్సిలుతో చిన్న అంకెలు. ఒకటి నుంచి పదిహేను దాకా.

వెనక చప్పుడయింది. మల్లేశ్వరి తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది ఎప్పుడు రాశావు?" అన్నాను.

"కిందటి మార్చిలో."

"నోటు మీద అంకెలు కూడానా?"

"అవును. క్విజ్ రోజున అది నా దగ్గరే ఉంది."

"హాల్లోనా?"

"పిడికిట్లో." చెయ్యి మూసి చూపించింది. "మీరు ఆ ప్రశ్న అడగ్గానే నవ్వొచ్చింది. నా పాఠంలోదే అడిగారు కదా అని, పర్సులోంచి తీసి పట్టుకున్నాను."

"మరి చూపించలేదేం?"

"మీరు మైకు పట్టుకుని ఉన్నారు. అందరూ మిమ్మల్నే చూస్తున్నారు. నేను లేచి నోటు చూపిస్తే మీ మొహం ఎలా అయ్యేదో నాకు తెలుసు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇంటికొచ్చాక మీరే చూసుకుంటారులే అనుకున్నాను."

చూసుకున్నానని, మూడో రోజునే చూసుకున్నానని చెప్పాను. ఇన్నాళ్ళకు.

"తెలుసు" అంది. "చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చేది నేనే కదండీ. పాత నోటు, కొత్త నోటు ఒకదానిలో ఒకటి మడిచి పెట్టుకుని తిరిగారు."

పుస్తకం నా చేతిలోంచి తీసుకుని చీరల కింద పెట్టేసింది. నాకు సిగ్గేసింది. ఆమె బాపట్లలో బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా పెళ్ళయింది. ఢిల్లీలో పూర్తి చేద్దువుగాని అన్నది నేనే. ఆ మాట కూడా ఈ రోజే గుర్తొచ్చింది.

9 ఫిబ్రవరి, సోమవారం

ఉగాది వేడుకలో అందరి ముందూ చెప్పేస్తాను. పాఠకురాలూ గీఠకురాలూ కాదు. పేరు పెట్టి చెబుతాను. బడి మళ్ళీ తెరిచి ఆమెకు ఇమ్మని అడుగుతాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇల్లాలిని ఓడించి రచ్చ గెలిచాను.

28 మార్చి, ఆదివారం

చెప్పాను.

క్విజ్ మొదలుపెట్టక ముందే మైకు తీసుకున్నాను. మల్లేశ్వరి నాలుగో వరసలో నేహా పక్కన కూర్చుంది. "కిందటేడు ఇక్కడే నేను ఒక తప్పు చెప్పాను. నా భార్య నాగమల్లేశ్వరి రైటు చెప్పింది. నోటు మీద భాషలు పదిహేను. అందరినీ ఆమె మీద నవ్వించాను. మూడో రోజునే నా తప్పు నాకు తెలిసింది, అయినా ఏడాది పాటు దాచాను. ఆదివారం బడి ఆమె చేతికి రాకుండా పోయింది నా వల్లే" అన్నాను.

"ఏం సార్, ఇంట్ల బువ్వ బందయిందా?" అన్నాడు మల్లేశం. హాలంతా మళ్ళీ గొల్లుమంది. జనం జేబులు తడుముకుని నోట్లు తీశారు. "అరె, పదిహేనే!" "నా దాంట్లోనూ పదిహేనే!" అని ఒకరికొకరు చూపించుకున్నారు. ముందు వరసలోంచి రిటైర్డ్ డైరెక్టరు రంగనాథ్ గారు లేచి నిలబడ్డారు. "తప్పు ఒప్పుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలండీ!" అని చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ లేచి కొట్టారు. ముఖ్య అతిథి కోసం తెచ్చిన శాలువాల్లో ఒకటి మిగిలితే, తెచ్చి నా భుజాల మీద కప్పారు. వద్దన్నాను. వద్దన్నకొద్దీ చప్పట్లు ఎక్కువయ్యాయి.

నాలుగో వరస వైపు ఎవరూ తిరగలేదు. నేహా ఒక్కతే తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

బడి సంగతి మల్లేశాన్ని పక్కకు పిలిచి అడిగాను. "పిల్లలు యాడున్నరు సార్ ఇప్పుడు? అందరు అబాకస్ క్లాసుల జేరిండ్రు" అన్నాడు.

నేహా స్నేహితురాలింటికి వెళ్ళింది. మేమిద్దరం రిక్షా ఎక్కాం. శాలువా నా ఒళ్ళో ఉంది. మడిచి మళ్ళీ దాని పాలిథీన్ కవరులోనే పెట్టాను.

"ఈసారి కూడా చప్పట్లు మీకే వచ్చాయి" అంది మల్లేశ్వరి. కోపంగా అనలేదు. వాన పడేట్టుంది అన్నట్టు అంది.

"అంతమంది ముందు చెప్పాను కదా. ఇంకేం చేయమంటావు?"

సెక్టారు మలుపు తిరిగాక మల్లేశ్వరి అంది, "ఆ మూడో రోజున వంటింట్లోకి వచ్చి, నువ్వు చెప్పిందే రైటు అని ఉంటే సరిపోయేది. మైకు అక్కర్లేకపోయింది."

సొసైటీ గేటు దగ్గర రిక్షా ఆగింది. నా దగ్గర వంద నోటుంది, రిక్షావాడి దగ్గర చిల్లర లేదు. మల్లేశ్వరి పర్సు తెరిచి పది రూపాయల నోటు తీసి ఇచ్చింది. దాని మీద రెండు గుండుసూది చిల్లులు, వెనక వైపు పెన్సిలు అంకెలు కనిపించాయి.

"అది..." అన్నాను.

"పది రూపాయలేగా" అంది.

రిక్షావాడు నోటు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, "ఠీక్ హై, దీదీ" అని బండి తిప్పుకున్నాడు. నా చేతిలో వంద నోటు ఉంది. పిలిచి మార్చి తీసుకోవచ్చు. పిలవడానికి నోరు తెరిచేసరికి వాడు మలుపు తిరిగిపోయాడు. మల్లేశ్వరి అప్పటికే మెట్లెక్కుతోంది.